పటాలం రద్దయిన వానకాలం

అన్యాయం ఎవరికి జరిగింది? సింహాద్రికి. ఎలా జరిగింది? అతని నోటితోనే. తన కాలు తీసేసిన ప్రమాదానికి తప్పు తనదేనని, తనకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదని, ఆస్పత్రి మంచం మీద పడుకుని విచారణాధికారికి చెప్పి సంతకం చేశాడు. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

నేను ఈ హిందీ ప్రాంతంలో, దుర్గ్ కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసి రిటైరైనదాన్ని. సాక్షి చెప్పింది చెప్పినట్టు రాయడమే నా వృత్తి. ఇతరుల మీద అబద్ధం చెప్పేవాడి గొంతు ఎక్కడో ఒకచోట తడబడుతుంది. తన మీద తాను చెప్పుకునేవాడి గొంతు తడబడదు. అందువల్ల అటువంటి అబద్ధాన్ని అందరూ సులువుగా నమ్ముతారు. నమ్మితే వాళ్ళకు లాభం కూడా.

సింహాద్రి పట్టాలు బాగుచేసే రైల్వే గ్యాంగులో ట్రాక్‌మన్. అతను సైనికుడు కూడా. రైల్వే ఉద్యోగుల్లోంచే మనుషులను ఎంచి, తర్ఫీదు ఇచ్చి, యుద్ధంలోనూ వరదలోనూ రైళ్ళు నడిపించడానికి పెట్టిన పటాలం ఒకటి ఉండేది. గ్యాంగువాళ్ళు, ఫిట్టర్లు అందులో జవాన్లు. రైల్వే ఇంజనీర్లు అధికారులు. మా తమ్ముడు వాసుదేవరావు కూతురు ప్రసూన ఆ పటాలంలో కెప్టెన్. సింహాద్రి ఆమె కింద హవల్దారు. ఆ ఏడు తొలకరికి ముందే పటాలాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. వానలు వెళ్ళేలోగా ఆయుధాలూ సామానూ అప్పగించి, ఎవరి పాత కొలువులకు వాళ్ళు తిరిగిపోవాలి.

ఆషాఢంలో మొదటి పెద్దవాన పడింది. కొండల వైపు లైనులో ఒక వాగు పొంగి కట్ట కింది మట్టిని కోసుకుపోయింది. అవతల ఒక ప్యాసింజరు రైలు నిలిచిపోయింది. నీళ్ళు పెట్టెల మెట్లను అందుకుంటున్నాయి. ప్రసూన కంపెనీని అక్కడికి పంపారు. కట్ట కింద స్లీపరు దిమ్మలు పేర్చి పట్టాకు ఆధారం కల్పిస్తే తప్ప రైలు ఇవతలికి రాదు. ఆ పట్టా మీద మరే బండీ కదలదని స్టేషన్ నుంచి మాట వచ్చేదాకా కిందికి మనిషిని దింపకూడదు. దాన్ని రైల్వేలో బ్లాక్ అంటారు. అంతకు మించిన నియమం వాళ్ళకు లేదు. ఫోన్లు పనిచేయలేదు. పెట్టెల్లోంచి పిల్లల ఏడుపు వినిపిస్తోంది. ప్రసూన దిగమంది. సింహాద్రి తన మనుషులతో దిగాడు. ఆధారం నిలిచింది, రైలు బయటపడింది. ఆ వెంటనే, రైలు వెనక నుంచి ఎవరో సాయానికని పంపిన పట్టాల ట్రాలీ వానలో బ్రేకు పట్టక జారి, కట్ట మీంచి కిందికి ఒరిగింది. బ్లాక్ తీసుకుని ఉంటే ఆ ట్రాలీ అక్కడికి వచ్చేదే కాదు. మిగిలినవాళ్ళు తప్పుకున్నారు. సింహాద్రి ఎడమ కాలు తప్పుకోలేదు.

*

శ్రావణంలో ప్రసూన దుర్గ్ పక్కనే ఉన్న స్మృతి నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. నల్లటి ఇనుపపెట్టెను ఆటోవాడు లోపల పెడతానంటే వద్దని తానే మోసుకొచ్చింది. పటాలం కేంద్రంలో తుపాకుల నుంచి వంటపాత్రల దాకా అప్పగించడంలోనే ఆమెకు నెల గడిచింది. సింహాద్రిని ఆస్పత్రిలో దించిన నాటి నుంచి అతన్ని మళ్ళీ చూడలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నాను మేడమ్" అన్న ఒక్క ముక్క తప్ప అతని దగ్గర జవాబు లేదు.

"ఇంకో ఏడాదుంటే మేజర్‌ని అయ్యేదాన్ని అత్తా," అంది బూట్లు విప్పుతూ.

"అయితే ఏం చేసేదానివి?"

"ఏం చేసేదాన్ని కాదు. అయ్యేదాన్ని, అంతే."

మా మరదలు కన్నమ్మకు మాత్రం ఆ వేళ పండగే. "పోనీలే తల్లీ, పీడొదిలింది. ఆ టోపీ, ఆ బూట్లూ. చూసుకోడానికొచ్చిన పెళ్ళికొడుకు నీకు దణ్ణం పెట్టాలో సెల్యూట్ కొట్టాలో తెలీక టిఫినైనా తినకుండా లేచి ఎల్లిపోయినాడు."

"ఛోడో మమ్మీ, వదిలెయ్యి. వాడు తిన్నాడు. నా ప్లేటు కూడా తిన్నాడు."

నవ్వింది గాని ఆ నవ్వు నిలవలేదు. వాసుదేవరావు, స్టేషన్ మాస్టరుగా రిటైరైన నా తమ్ముడు, కూతురి భవిష్యత్తును తన కాలపు లెక్కల్లో చెప్పబోయాడు. పాత ఉద్యోగం ఎక్కడికీ పోదన్నాడు. పోదని ప్రసూనకూ తెలుసు. ఆమె తిరిగి అసిస్టెంటు ఇంజనీరే. ఆమె వరదల్లో, వంతెనల మీద యూనిఫాంలో తిరిగిన ఏళ్ళలో, ఆమె తరవాత చేరినవాళ్ళు పరీక్షలు రాసి, పైవాళ్ళ కళ్ళ ముందు మసలి, ఆమె పై కుర్చీల్లో కూర్చున్నారు. డివిజనల్ ఇంజనీర్ల ఎంపిక ఆ వానకాలంలోనే ఉంది. అది తప్పిపోతే ఆమె వాళ్ళను అందుకోవడం ఇక కలలో మాట.

"సైన్యంలో నన్ను ఆడదానివని మొదట్లో చూశారు నాన్నా. తరవాత కెప్టెన్‌నని చూశారు. ఇక్కడ ఏమని చూస్తారు? ఎక్కడినుంచో తిరిగొచ్చినదాన్నని చూస్తారు."

"ఎంపిక అయిపోతే ఎవరూ అలా చూడరమ్మా," అన్నాడు తమ్ముడు. "కృష్ణమోహన్‌తో మాట్లాడాను. వస్తానన్నాడు."

*

కృష్ణమోహన్ ఒకప్పుడు మా తమ్ముడి దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు. ఇప్పుడు డివిజన్ ఆఫీసులో పెద్దవాడు. ఆదివారం పొద్దున గొడుగు విదిలించుకుంటూ వచ్చి, నన్ను చూసి నమస్కారం పెట్టి, టీ అందుకుని, ప్రసూనకు శుభవార్త చెబుతున్నవాడిలా చెప్పాడు.

"నీకు ఇబ్బంది లేదమ్మా. సింహాద్రి స్టేట్‌మెంట్ ఇచ్చేశాడు. తనంతట తానే దిగానన్నాడు. నువ్వు ఆపబోయావని కూడా అన్నాడు. విచారణలో నిన్ను పిలుస్తారు. నాకు గుర్తులేదను, లేదా అవునను. అంతే. పటాలం రద్దయ్యాక ఈ ఫైలు అడిగే నాథుడే ఉండడు."

ప్రసూన చేతిలో కప్పు కింద పెట్టింది. ఆ సంగతి ఆమె వినడం అదే మొదటిసారి.

"నేను ఆపబోయానని అన్నాడా?"

"అన్నాడు. మంచివాడు. వాడికీ ఏదో చూద్దాం."

"ఏదో అంటే ఏమిటి?" అని నేను అడిగాను.

"అక్కగారూ, మీరు కోర్టు మనిషి..."

"అందుకే అడుగుతున్నాను. నిర్లక్ష్యం తనదేనని సంతకం చేసినవాడికి సైన్యం అంగవైకల్య పింఛను ఇస్తుందా?"

"ఇవ్వదు."

"నియమం తప్పినందుకు రైల్వే అతని మీద చర్య తీసుకుంటుందా?"

"తీసుకోవాలి మరి. కాని కాలు పోయినవాడు కదా, జాలి చూపిస్తారు."

"జాలి ఎవరు అడిగారు?"

టీ చల్లారిపోతోందని కన్నమ్మ అంది. కృష్ణమోహన్ లేచి, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర మా తమ్ముడితో మెల్లగా అన్నాడు. "అన్నగారూ, అమ్మాయికి మీరు చెప్పండి. ఇలాంటివి మీకు తెలియనివా."

ఆ చివరి మాట విన్నప్పుడు తమ్ముడి ముఖం ఎందుకు పాలిపోయిందో నాకు ఆ పూట అర్థం కాలేదు.

*

మర్నాడు ప్రసూనా నేనూ యార్డు పక్కనున్న రైల్వే కాలనీకి వెళ్ళాం. క్వార్టరు వరండాలో నవారు మంచం మీద సింహాద్రి. అతని పిల్లలిద్దరు మమ్మల్ని చూసి "దాదీ, మేడమ్ ఆయీ హైఁ" అని నాయనమ్మకు చెప్పడానికి లోపలికి పరుగెత్తారు. అతను మంచంపట్టె పట్టుకుని లేవబోయాడు. సెల్యూట్ చేయడానికి.

"కూర్చో," అంది ప్రసూన. "అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధమేటి మేడమ్. నాను దిగినాను, కాలు పోయింది. అందులో అబద్ధమేటున్నాది."

"దిగమన్నది నేను."

"అది మీకూ నాకూ తెలుసు. సాబులకెందుకు."

"సింహాద్రీ."

"మేడమ్, ఆస్పత్రిలో నా యూనిఫాం కత్తిరించి తీసీసినారు. అప్పుడే అనుకున్నాను, ఇంక నాను గ్యాంగోణ్ణేనని. గ్యాంగులో రివాజేటో మీకు తెల్దా? కిందోడి తప్పు కాగితమంత, పైవోడి తప్పు కొండంత. కిందోడు మోసీగల్డు. మీరిరుక్కుంటే రేపు మా మాట పైన చెప్పడానికెవులున్నారు? పెద్దాఫీసర్లలో మా గ్యాంగుతో కూకుని గంజి తాగినోరు మీరొక్కరే."

"సైన్యంలో నీకు నేర్పింది అదేనా?"

"సైన్యం ఎల్లిపోతంది కదా మేడమ్."

లోపలినుంచి అతని తల్లి గున్నమ్మ వచ్చింది. చేతిలో చేటలో బియ్యం. మా ఎదురుగానే గుమ్మంలో కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టి, తల ఎత్తకుండా అంది.

"సెప్పు, సెప్పు. మీ అయ్య కూడా ఇలగే సెప్పినాడు."

"అమ్మా, ఊరుకో."

"ఎందుకూరుకుంతాను. ఓ ఇంటికి ఓ తప్పు మోసీసినాం. రెండోది కూడా మేమే మొయ్యాలేటి?"

ఆ మాట ఏమిటో చెప్పమని నేను అడిగాను. ఆమె అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది.

"మీకు తెల్దా అమ్మా? కోర్టులో ఊరందరి సంగతీ రాసినోరు కదా. మీ ఇంటి సంగతి మీకెవులూ సెప్పనేదా?"

అప్పుడు చెప్పింది. ఆమె భర్త అప్పలనాయుడు ఒక చిన్న స్టేషన్‌లో పాయింట్స్‌మన్. పట్టాలను ఈ లైను నుంచి ఆ లైనుకు మార్చే పని అతనిది. ఆ స్టేషన్‌లో కొత్తగా వచ్చిన అసిస్టెంటు స్టేషన్ మాస్టరు వాసుదేవరావు. ఒక వేకువన, వ్యాగన్లు నిలిపి ఉన్న లైనులోకి గూడ్సు బండికి దారి ఇచ్చాడు. ఎవరూ చావలేదు గాని ఇంజను పడిపోయింది. పాయింట్లు తానే తప్పు వేశానని అప్పలనాయుడు విచారణలో చెప్పాడు. ఇంక్రిమెంటు కోసి వదిలేస్తారని అందరూ అన్నారు. డిస్మిస్ చేశారు. సుపేలా బజారులో మూటలు మోస్తూనే కన్నుమూశాడు.

నాకు తెలిసిన కథ వేరు. మా తమ్ముడి సర్వీసు తొలినాళ్ళలో తాగుబోతు పాయింట్స్‌మన్ ఒకడు గూడ్సు బండిని పడగొట్టాడని మా ఇంట్లో చెప్పుకునేవారు.

"అతను తాగి ఉన్నాడని విన్నాను," అన్నాను.

"విన్నారా," అంది గున్నమ్మ. "అలగైతే అదే ఉంచుకోండి." మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది.

సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. అది అతను చిన్నప్పటినుంచి వింటున్న తగువని నాకు తెలుస్తూనే ఉంది.

*

ఇంటికి రాగానే తమ్ముణ్ణి హాల్లో కూర్చోబెట్టి అడిగాను. మా హాల్లో ఒక గోడకి నాన్నగారు తెచ్చిన సింహాచలం అప్పన్న పటం, దానికి ఎదురుగోడకి అమ్మ తెచ్చిన మరియమ్మ పటం ఉంటాయి. ఆ రెండింటి మధ్యా కూర్చుని అబద్ధం ఆడడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. తమ్ముడికీ చేతకాలేదు.

"నిజమే అప్పా," అన్నాడు. "దారి ఇచ్చింది నేనే. వాడే వచ్చి, నేను చెప్పుకుంటాను బాబూ అన్నాడు. ఆ రోజుల్లో లైను మీద అందరూ అలాగే... ఉద్యోగం కొత్త. ప్రసూన పుట్టిందని ఇంటినుంచి టెలిగ్రాం వచ్చి ఇంకా జేబులోనే ఉంది."

"తాగాడన్నది?"

"ఏ కారణమూ లేకుండా అంత అనుభవం ఉన్నవాడు పాయింట్లు తప్పు వేశాడంటే పైవాళ్ళు నమ్మలేదు. కారణం చెప్పమన్నారు. ఆ ఒక్క మాటా నేను కలిపాను."

"ఏటొదినా ఇది," అని కన్నమ్మ గొంతెత్తింది. "రిటైరైనా మీకు కోర్టు వదల్లేదా? ముసలాయన్ని నిలబెట్టి అడుగుతున్నారు. అయిపోయిందేదో అయిపోయింది. పిల్లకి ఉద్యోగం మీద ఉద్యోగం రావాలా వద్దా? అటు సైన్యమూ పోయి, ఇటు ఎంపికా పోతే, దీన్ని ఏ దరికి చేరుస్తారు మీరు?"

"దరి సంగతి తరవాత. మునిగిందెవరో ముందు తేలాలి."

"మీకేం, సాక్షి చెప్పింది రాసుకుని ఇంటికొచ్చీసేవోరు. శిక్ష పడినోడి ఇల్లు మీరెప్పుడైనా చూసినారా?"

"ఈ రోజు చూసి వచ్చాను కన్నమ్మా. నువ్వూ రా, చూద్దువుగాని."

ప్రసూన అంతవరకూ కిటికీ దగ్గర నిలబడి ఉంది. తిరిగి చూడకుండానే తండ్రిని ఒక్కటే అడిగింది.

"నాన్నా, అప్పుడు సింహాద్రి ఎంతవాడు?"

"అడుగులేస్తున్నాడు," అన్నాడు తమ్ముడు. ఆ మాట అన్నాక ముఖం రెండు చేతుల్లోనూ పెట్టుకున్నాడు.

*

విచారణ చివరి రోజు దుర్గ్‌లో ఒక రెస్ట్‌హౌసులో పెట్టారు. ఆ వారం దాటితే పటాలం ఉండదు. ప్రసూన యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని వచ్చింది. సింహాద్రిని ఆటోలోంచి గున్నమ్మా నేనూ దింపాం.

నేను లోపలి బల్ల మీద కూర్చోగానే విచారణాధికారి, "మాతాజీ, మీరు బయట కూర్చోండి" అన్నాడు.

నాకు చదువు చెప్పిన కాన్వెంటు మదర్లు నేర్పిన ఇంగ్లీషులో, ఏ పదానికీ తొందరపడకుండా, గాయపడిన ఉద్యోగికి సహాయకులను వెంట తెచ్చుకునే హక్కు ఉందని, కాదనే నియమం ఉంటే చూపిస్తే చదువుకుంటానని చెప్పాను. ఆయన నా తెల్లజుట్టునూ కళ్ళద్దాలనూ చూసి, కాగితాల్లోకి తల దించుకున్నాడు. తరవాతిదంతా హిందీలో జరిగింది. తెలుగులో రాస్తున్నాను.

"కెప్టెన్, హవల్దారు తనంతట తానే దిగాడు. మీరు అంగీకరిస్తారా?"

"లేదు సార్. దిగమని ఆజ్ఞ ఇచ్చింది నేను. బ్లాక్ తీసుకోలేదు."

ఆయన కలం ఆగిపోయింది. "హవల్దారు ఇచ్చిన స్టేట్‌మెంటుకు ఇది విరుద్ధం. ఆయన మీకు మంచి జరగాలని చెప్పారు."

"మంచే కోరారు సార్. కాని చెప్పింది అబద్ధం."

"సాబ్," అన్నాడు సింహాద్రి, ఊతకర్రల మీద ముందుకు వంగి, "మేడమ్‌కి నా మీద దయ. అందుకని అలా అంటున్నారు. ఆ రోజు గాలివాన. ఆవిడేమన్నారో ఎవరికీ వినపళ్ళేదు. నేనే దిగాను."

"ఏమీ వినపడలేదా?" అని అధికారి అడిగాడు.

"లేదు సాబ్."

"విన్నారా కెప్టెన్. తప్పు నాదంటే నాదని ఇద్దరు దెబ్బలాడుకోవడం నా సర్వీసులో చూడలేదు." విచారణాధికారి చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించాడు. "చూడండి. ఇంకో నాలుగు రోజుల్లో మీరు కెప్టెన్ కారు. అతను హవల్దారు కాడు. ఈ పటాలమే ఉండదు. లేకుండా పోయే పటాలం కోసం, ఉండబోయే ఉద్యోగం పాడుచేసుకుంటారా?"

"ఈ రోజు ఉంది కదా సార్."

ప్రసూన లేచింది. బల్ల మీది టోపీ తీసి పెట్టుకుంది. సింహాద్రి వైపు తిరిగింది.

"హవల్దార్ సింహాద్రి. సావధాన్."

అతను ఆమెను చూశాడు. వద్దన్నట్టు తల కొద్దిగా ఊపాడు. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. అతను ఒక ఊతకర్రను గోడకు ఆనించి, రెండోదాన్ని చంక కింద బిగించి, గడ్డం ఎత్తి, ఖాళీగా ఉన్న చేతిని పక్కకు అతికించినట్టు పెట్టి, ఉన్న ఒక్క కాలి మీద నిటారుగా నిలబడ్డాడు. గున్నమ్మ లేవబోతే నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆ రోజు నీకు అందిన ఆజ్ఞ ఏమిటి? ఎవరినుంచి అందింది? జవాబు చెప్పు. ఇది ఆర్డర్."

"కట్ట కిందికి దిగి ఆధారం పెట్టమని ఆజ్ఞ, సాబ్. కెప్టెన్ ప్రసూన నుంచి అందింది." గోడను చూస్తూ, పెద్ద గొంతుతో చెప్పాడు. "బ్లాక్ రాలేదని ముందే చెప్పారు. ఇష్టం లేనివాళ్ళు దిగనక్కర్లేదన్నారు. మేం దిగాం. రైలు బయటపడింది."

"విశ్రామ్," అంది ప్రసూన.

గున్నమ్మ కుర్చీని కొడుకు వెనక్కి తోసింది. విచారణాధికారి చాలాసేపు రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ ప్రసూన టోపీ తీయలేదు.

*

పటాలం జెండాను ఏ సంబరమూ లేకుండా దించేశారని తరవాత తెలిసింది. దసరా ముందు తీర్పులు వచ్చాయి. సింహాద్రి ఆజ్ఞ పాటిస్తూ గాయపడ్డాడని రాశారు. పింఛను వచ్చింది. కూర్చుని చేసే పని కూడా ఇచ్చారు. ప్రసూనకు మందలింపు వచ్చింది. ఎంపికలో ఆమె పేరు తీసేశారు. అడవి లైనులో ఒక మూల సెక్షనుకు బదిలీ చేశారు. కృష్ణమోహన్ ఫోన్ చేసి, ఇంత చదువుకున్న పిల్ల ఇలా చేస్తుందనుకోలేదన్నాడు. చదువుకున్నందుకే చేసిందని చెప్పి పెట్టేశాను.

కన్నమ్మ పెట్టె సర్దుతూ, అక్కడ పాములుంటాయని ఏడ్చింది.

"డివిజన్ ఆఫీసులోనూ ఉన్నాయి మమ్మీ. అడవిలోవి కనిపిస్తాయి, అంతే తేడా," అంది ప్రసూన.

ఆమె చెల్లించవలసింది చెల్లించింది. మా ఇంట్లో ఇంకొకరు చెల్లించలేదు. ఆ సంగతి నేను ఎత్తలేదు. అవసరం రాలేదు. అష్టమి నాడు తమ్ముడు గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని నా గదిలోకి వచ్చాడు.

"అప్పా, గున్నమ్మ ఇంటికి వెళ్ళాలి. నువ్వు తోడు రా."

వరండాలోనే నిలబడి అడిగాడు. "నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు గున్నమ్మా. రాతపూర్వకంగా ఇమ్మంటే ఇస్తాను. నా పింఛను ఆపేసినా సరే."

గున్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ పింఛనాపితే మాకేటొస్తాది బాబూ. తప్పు మా ఇంటాయన తనే ఎత్తుకున్నాడు, నాను కాదన్ను. ఆడి మనసది. పరువు ఇవ్వనేదు. అది మీరు తీసీసుకున్నారు. తాగుబోతు పెళ్ళానని నన్ను, తాగుబోతు కొడుకని ఆణ్ణి, ఈ కాలనీలో అననోడు నేడు. మా ఇంటాయన సుక్క ముట్టనోడు. ఇయేళ పందిట్లో అందరూ ఉంతారు. ఆ రోజుల్లోవోలు కూడా ఉన్నారు, బతికున్నోలు. అక్కడ సెప్పండి."

రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఏటా వేసే అమ్మవారి పందిరి అది. హారతి అయి, భోజనాలకు వరసలు కడుతున్నారు. పాత గార్డులు, డ్రైవర్లు, కర్రలు పట్టుకున్న గ్యాంగు మేస్త్రీలు కుర్చీల్లో ఉన్నారు. సింహాద్రి పిల్లలతో స్తంభం దగ్గర కూర్చున్నాడు. సెలవు మీద వచ్చిన ప్రసూన అతని పక్కనే నిలబడింది. మా తమ్ముడు మైకు అందుకున్నాడు. రిటైరైన స్టేషన్ మాస్టరు అమ్మవారి మీద ఏదో పాడతాడనుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

"నా పేరు వాసుదేవరావు," అన్నాడు. "మీలో పెద్దవాళ్ళకి పాయింట్స్‌మన్ అప్పలనాయుడు తెలుసు. ఆ రోజు గూడ్సు బండికి దారి ఇచ్చింది నేను. తప్పు నాది. నన్ను కాపాడడానికి అతను తన మీద వేసుకున్నాడు. అతను తాగి ఉన్నాడని నేను చెప్పాను. అది అబద్ధం. అతను తాగలేదు. అతని ఉద్యోగమూ పరువూ పోవడానికి కారణం నేను."

ఒక ముసలి గార్డు కుర్చీలోంచి లేచి, తల వంచి నిలబడ్డాడు. అతని వెనక మరొకరు లేచారు. తమ్ముడు మైకు ఇచ్చేయబోయాడు.

వరస చివర్లోంచి గున్నమ్మ గొంతు వినిపించింది.

"ఆగండి బాబూ. మళ్ళీ సెప్పండి. ఇందీలో సెప్పండి. నా మనవలకి తెలుగు సరిగ్గా రాదు."

మా తమ్ముడు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. స్తంభం దగ్గరున్న ఆ ఇద్దరు పిల్లల వైపు తిరిగి, ఆ రోజు వాళ్ళ తాత తాగలేదని, అబద్ధం ఆడింది తానేనని, తప్పు తనదేనని ఒక్కొక్క మాటే చెప్పాడు.

"ఉస్ దిన్ తుమ్హారే దాదా నే షరాబ్ నహీఁ పీ థీ. మైనే ఝూఠ్ బోలా థా. గల్తీ మేరీ థీ."

పెద్దపిల్లవాడు నాయనమ్మ వైపు చూశాడు. గున్నమ్మ తల ఊపింది.

"ఇప్పుడు తీరింది," అంది.